పదిహేడో పోర్టు

పోయిన వారం గువ్వను మనం ఆస్పత్రి స్టోర్‌రూములో, కాళ్ళు విరిగిన మంచాల మధ్య, దుమ్ము కొట్టుకుపోయిన ఓ పాత కంప్యూటర్ ముందు వదిలి వచ్చాం. ఆమె అక్కడిదాకా ఎందుకొచ్చిందో మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే పుట తెరిచినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

తొమ్మిది రోజుల కిందట, ఓ మంగళవారం పగలు పదకొండూ ఇరవైకి ఆస్పత్రిలో నెట్‌వర్క్ మొత్తం కుప్పకూలింది. సరిగ్గా నలభై నిమిషాలు. కంప్యూటర్లతోపాటు బల్లల మీది ఫోన్లు కూడా మూగబోయాయి, అవీ ఆ తీగల మీదే నడుస్తాయి కాబట్టి. మూడో అంతస్తు వార్డులో పద్నాలుగో బెడ్డు మీదున్న బస్సు డ్రైవరు రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిపోయిందని లాబ్‌లో తేలింది ఆ నలభై నిమిషాల్లోనే. ఆ కబురు వార్డుకు చేరేలోపే ఆయన గుండె ఆగింది. మళ్ళీ కొట్టుకునేలా చేశారు గానీ, మనిషి ఇంకా కళ్ళు తెరవలేదు.

నేరం తీగల మాస్టారి మీద పడింది. ఆస్పత్రిలో ప్రతి గోడలోనూ తీగలు పరిచిన మనిషి ఆయన. సరిగ్గా ఆ సమయంలోనే వైరింగ్ గదిలో తీగలు పీకుతుండగా చూశానని వాచ్‌మన్ చెప్పాడు. మాస్టారు కాదనలేదు, ఔననలేదు. "జరిగింది నా గదిలో. నేను చెప్పేదేం లేదు" అని ఊరుకున్నాడు. సస్పెండ్ చేశారు. ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చోవలసి వచ్చిన గువ్వ ఆ రోజు శిక్షణ కోసం వేరే ఊళ్ళో ఉంది. విచారణ కమిటీ ఆఖరిసారి కూర్చునేది రేపు ఉదయం పదింటికి.

ఇక స్టోర్‌రూములోకి.

మాస్టారు ఎప్పుడో పదేళ్ళ కిందట ఓ ఏర్పాటు చేశాడు. పెద్ద స్విచ్చి తనలో జరిగే ప్రతి సంగతినీ రాసుకుంటుంది. లాగ్ అంటారు దాన్ని. స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తే ఆ రాత చెరిగిపోతుంది. అందుకని ప్రతి వాక్యానికీ ఒక నకలు ఈ పాత కంప్యూటర్‌కి వచ్చి పడేలా పెట్టాడు. కమిటీ వాళ్ళు అడిగినప్పుడు "లాగ్ పోయిందండీ" అన్నాడు గానీ, ఈ నకలు సంగతి ఎత్తలేదు. గువ్వకే హఠాత్తుగా గుర్తొచ్చింది.

తెర మీద మంగళవారం తెరుచుకుంది. పదకొండు గంటల పంతొమ్మిది నిమిషాల దాకా మామూలే. ఫలానా పోర్టులో, అంటే తీగ గుచ్చే కన్నంలో, కంప్యూటర్ వేశారు, ఫలానా పోర్టులో ఆపారు. పదకొండూ ఇరవై దగ్గర్నుంచి ఒకటే వాక్యం. తెర నిండా అదే, ఎంత కిందికి జరిపినా అదే. పదిహేడో పోర్టు, పదిహేడో పోర్టు, పదిహేడో పోర్టు. జ్వరంలో ఉన్న మనిషి ఒక పేరే పలవరించినట్టు.

గువ్వకి వెంటనే అర్థమైంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మాస్టారు ఆ పాఠం చెప్పాడు. వైరింగ్ గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు డబ్బాలు చేతికిచ్చాడు.

"చూడ్డానికి కవలల్లా ఉన్నాయి కదూ? ఇది హబ్బు. ఇప్పుడు ఎవరూ వాడరు. దీనికి ఒక మాట చెవిన పడిందంటే ఉన్నవాళ్ళందరికీ అరిచి చెబుతుంది. నాలుగో బెడ్డుకి ఇంజెక్షను ఉంటే వార్డంతా లేచి కూర్చోవాల్సిందే. ఇదేమో స్విచ్చి. ఏ కన్నం వెనక ఎవరున్నారో గుర్తుపెట్టుకుంటుంది. నాలుగో బెడ్డు మాట నాలుగో బెడ్డుకే చెబుతుంది."

"మరి రౌటర్?"

"అది గేటు దగ్గర మనిషి. లోపలి గొడవలు దానికి పట్టవు. బయటికి పోయేదాన్ని ఏ దారిన పంపాలో చూస్తుంది, బయటి నుంచి వచ్చినదాన్ని లోపలికి పంపిస్తుంది. దాని పక్కనున్న ఫైర్‌వాల్, ఎవరిని రానివ్వాలో ఎవరిని తోసేయాలో చూసే కాపలా. మోడెం ఉందే, అది దుబాసీ. బయటి లైను భాష వేరు, మనది వేరు. గోడల మీద తెల్ల పళ్ళేల్లా ఉన్నాయి చూడు, యాక్సెస్ పాయింట్లు, అవి తీగ లేనివాళ్ళ కోసం పెట్టిన చెవులు."

"ఒట్టి చెవులేనా, నోరు లేదా మాస్టారూ?"

"ఉంది. నీలాగే ఆగకుండా వాగుతుంది."

నవ్వులయ్యాక ఆయన స్విచ్చిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇది తెలివైందే. కానీ దీనికో గుడ్డితనం ఉంది. కొత్తవాళ్ళ కోసం వెతకాల్సి వస్తే, ఇదీ హబ్బులాగే అందరినీ కేకేస్తుంది. ఆ కేక చుట్టు తిరిగి తన దగ్గరికే వచ్చిందనుకో, అది తన గొంతేనని పోల్చుకోలేదు. ఎవరో పిలిచారనుకుని మళ్ళీ కేకేస్తుంది. అదీ తిరిగొస్తుంది. క్షణంలో వేల కేకలు. ఇక ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఇంతకీ దానికి కావలసిందేమిటో తెలుసా? ఒక తీగ. రెండు కొసలూ ఒకే డబ్బాలో గుచ్చితే చాలు. ఆస్పత్రి మొత్తం మూగబోతుంది."

తెర అడుగుకి వెళ్ళేసరికి పదకొండూ యాభై తొమ్మిది దగ్గర వాక్యం మారింది. పదిహేడో పోర్టులో తీగ ఊడింది. మరుసటి నిమిషానికి అంతా సద్దుమణిగింది.

గువ్వ నిట్టూర్చలేదు, కేక పెట్టినంత పని చేసింది. మాస్టారు తీగలు పీకింది చెడగొట్టడానికి కాదు. ఒక్కొక్కటే పీకి, దీపాలు చూసి, మళ్ళీ గుచ్చి, కేకలు ఎటు నుంచి వస్తున్నాయో వెతికాడు. దొరికింది పీకేశాడు. నలభై నిమిషాలకి ముగించినవాణ్ణి పట్టుకుని మొదలుపెట్టినవాడని అన్నారు. కాగితాల మీద అచ్చు తీసుకుని, వాటిని ఛాతీకి అదుముకుని వైరింగ్ గదికి దాదాపు పరుగెత్తింది.

పదిహేడో పోర్టు ఏ గదికి పోతుందో చూడాలంటే ప్యాచ్ ప్యానెల్ చూడాలి. గోడల్లోంచి వచ్చే తీగలన్నీ వరసగా వచ్చి ముగిసే పలక అది. ప్రతి కన్నం కింద మాస్టారి చేతిరాతతో చిన్న తెల్ల కాగితం ముక్క. గువ్వ వేలు పెట్టి వెతికింది. పదిహేడు.

"మూడు. డ్యూటీ రూము."

వేలు అక్కడే ఆగిపోయింది. మూడో అంతస్తు డ్యూటీ రూము పెద్ద సిస్టర్‌ది. ఆస్పత్రిలో అందరికీ ఆవిడ సిస్టర్. గువ్వ ఒక్కదానికే అక్క. సొంత అక్క. ‘గువ్వ’ అన్న పేరు పెట్టింది కూడా ఆవిడే, చిన్నప్పుడు ఏ మూల చోటు దొరికితే ఆ మూల దూరి పడుకునేదని.

*

మధ్యాహ్నం మూడు గంటలు. డ్యూటీ మారే ముందు రాయవలసినవన్నీ రాస్తూ అక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. పక్కనే ఫ్లాస్కు, మూత తీయలేదు.

"అక్కా, ఒక్క నిమిషం."

"పెద్ద సిస్టర్ దగ్గర నిమిషాలుండవు, బెడ్లే ఉంటాయి. నించోకు, కూర్చుని చెప్పు. అన్నం తిన్నావా?"

"తిన్నా" అని అబద్ధమాడింది గువ్వ. చూపు బల్ల కిందికి పోయింది. గోడవారగా అరచేతి వెడల్పున ఓ నల్ల డబ్బా, ఐదు కన్నాలది, పచ్చ దీపాలు మిణుకు మిణుకుమంటూ. మూడు కన్నాల్లో తీగలున్నాయి. రెండు ఖాళీ. "ఆ మంగళవారం ఈ గదిలో ఏమైనా మార్చారా?"

"ఏం మారుస్తాం? కుర్చీ విరిగిందంటేనే మార్చే దిక్కు లేదు."

"తీగలు?"

అక్క రాస్తున్న చెయ్యి ఆగింది. గుర్తు తెచ్చుకోవడానికే ఆగింది, భయంతో కాదు. "ఓ నీలం తీగ వేలాడుతుండేది. ఆ మూల కంప్యూటర్ రిపేరుకి పట్టుకుపోయారు చూడు, దానిది. కొత్తగా వచ్చిన నర్సు పిల్ల కాలికి రెండుసార్లు తగులుకుంది. ఆ రోజైతే సూదుల ట్రేతో సహా పడబోయింది. నాకు ఒళ్ళు మండి, నేనే వంగి, ఆ కొస తీసి ఆ డబ్బాలో ఖాళీ కన్నం ఉంటే అందులో పెట్టేశా. టక్కుమంది. సరిగ్గా కూర్చుందనుకున్నా."

"రెండో కొస ఎక్కడుందో చూశావా?"

"లేదే. ఎందుకు?"

రెండో కొస ఎక్కడుందో చూడక్కర్లేదు. ఆ కంప్యూటర్ తీగ మొదట్నుంచీ ఆ డబ్బాలోంచే వచ్చేది. అక్క గువ్వ ముఖం చూసింది, ఛాతీకి అదుముకున్న కాగితాలు చూసింది. చెయ్యి చాపి, మెల్లగా లాగేసుకుంది.

కంప్యూటర్ రాసిన రాత అక్కకి తెలియదు. కానీ ఇరవై రెండేళ్ళుగా రోగుల చార్టులు చదువుతున్న మనిషి. ఏ కాగితం ఇచ్చినా ముందు గంటలు చూస్తుంది. వేలు ఎడమపక్క అంకెల మీదుగా కిందికి దిగింది. పదకొండూ ఇరవై. పక్కనే ‘పదిహేడు’ అన్న అంకె చుట్టూ గువ్వ పెన్సిలుతో చుట్టిన సున్నా, దాని పక్కన ‘డ్యూటీ రూము’ అని రాసుకున్న రాత.

"పదకొండు గంటల మందులు ఇచ్చేసి వచ్చాను" అంది అక్క, తనలో తను అనుకున్నట్టు. "చేతులు కడుక్కున్నాను. అప్పుడు ఆ పిల్ల పడబోయింది. అప్పుడు వంగాను." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఫోన్లు పోయింది ఆ తర్వాతే. నేనేనా గువ్వా?"

"అక్కా..."

"నీళ్ళు నమలకు. నేనేనా?"

"ఔను."

బయట వార్డులో ఎవరో దగ్గుతున్నారు. అక్క తన రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి వాటి వంక చూసింది.

"పన్నెండు గంటలప్పుడు ఆ డ్రైవరు గుండె నొక్కింది కూడా ఈ చేతులేనే" అంది. "పదకొండు నిమిషాలు నొక్కాను. డాక్టరు నన్ను పక్కకి జరగమంటున్నా జరగలేదు. తిరిగొచ్చాక అందరూ మెచ్చుకున్నారు. వాళ్ళమ్మాయి వచ్చి నా చేతులు కళ్ళకద్దుకుంది. అద్దుకుంటే ఊరుకున్నాను."

గువ్వ లేచి అక్క భుజం మీద చెయ్యి వేసింది. ఏదో ఒకటి అనాలి. "నీకెలా తెలుస్తుంది అక్కా? ఖాళీ కన్నం కనిపిస్తే ఎవరైనా పెడతారు. అసలు ఆ డబ్బా అక్కడ ఉండకూడదు. ఇలాంటివి మన లెక్కలో లేవు. ఎవరో తెలిసీ తెలియనివాళ్ళు తెచ్చి తగిలించినట్టున్నారు, వాళ్ళని అనాలి."

అక్క తలెత్తి ఆమె వంక విచిత్రంగా చూసింది.

"ఎవరో ఏమిటే? తెచ్చింది నువ్వేగా."

కాసేపటిదాకా ఆ మాట గువ్వకి అర్థం కాలేదు. అర్థమయ్యాక వంగి ఆ డబ్బాని మళ్ళీ చూసింది.

కిందటి వానాకాలం. ఈ గదికి గోడలో ఒక్కటే కన్నం ఉండేది. కొత్తగా ఇంకో కంప్యూటర్, ఫోను వచ్చాయి. తీగలు లాగించమని అక్క మూడుసార్లు అర్జీ పెట్టింది. కాగితం ఎక్కడో సంతకం కోసం పడి ఉంది. రోజూ ఇంట్లో అక్క సణుగుడు వినలేక, ఓ మధ్యాహ్నం స్టోర్‌లోంచి ఈ చిన్న స్విచ్చి తెచ్చి తగిలించింది గువ్వ. తగిలించగానే పెద్ద స్విచ్చి ఆ పోర్టు మూసేసింది. ఒక కన్నం వెనక ఒకరే ఉండాలని, చుట్టు తిరిగిన కేక వస్తే తలుపు మూసేయాలని మాస్టారు పెట్టిన కాపలా అది. గువ్వ తన పేరుతో లోపలికి వెళ్ళి, ఆ ఒక్క పోర్టుకీ కాపలా తీసేసింది. రేపు మాస్టారికి చెబుదాంలే అనుకుంది. అక్క ఆ పూట ఇంటికి రాగానే "నా బంగారు తల్లి" అని నుదుటి మీద ముద్దు పెట్టింది. మర్నాడు వేరే పని పడి, ఆ సంగతే మరిచిపోయింది. ఆ రేపు ఇంతవరకూ రానే లేదు.

కాపలా ఉండి ఉంటే మంగళవారం నాడు ఆ గది ఒక్కటే మూగబోయేది. ఆస్పత్రి మొత్తం కాదు.

"ఆ రోజు మాస్టారు పైకొచ్చారా?" అని అడిగింది గువ్వ.

"వచ్చారు. గుండె నొక్కడం ఆపి ఇలా వచ్చానో లేదో, ఆయన బల్ల కింద కూర్చుని ఉన్నారు. నీలం తీగ పీకి, చుట్టి, జేబులో పెట్టుకున్నారు. ‘ఏమైంది మాస్టారూ’ అంటే ‘ఏం లేదు తల్లీ, నువ్వు నీ పని చూసుకో’ అన్నారు. అంతే."

ఆయన అన్నీ చూశాడన్నమాట. డబ్బా చూశాడు. కిందికి దిగి కాపలా ఎవరు తీశారో చూశాడు. తీసిన చోట పేరు, తేదీ ఉంటాయి. ఆ పేరు చూశాకే లాగ్ పోయిందని చెప్పాడు.

*

సాయంత్రం ఐదున్నరకి గువ్వ వెళ్ళేసరికి మాస్టారు వరండాలో న్యూస్‌పేపరు పరుచుకుని, టేబుల్ ఫ్యాను విప్పి, రెక్కలు తుడుస్తున్నాడు. ఆమె చేతిలో కాగితాలు చూసి గుడ్డ పక్కన పెట్టాడు.

"స్టోర్‌రూము కంప్యూటర్ గుర్తొచ్చిందా? నేర్పినవాడిదే తప్పు."

"నీలం తీగ ఏదీ మాస్టారూ?"

"పారేశాను."

"పారేయలేదు, నా చీరల మధ్య దాచారు" అని లోపల్నుంచి ఆయన భార్య గొంతు. "తొమ్మిది రోజుల్నుంచి బీరువా తీయాలంటే పాము ఉన్నట్టు భయంగా ఉంది నాకు."

మాస్టారు నవ్వబోయి మానుకున్నాడు. గువ్వ మెట్టు మీద కూలబడింది.

"ఎందుకిలా చేశారు?"

"నాకు ఉద్యోగం ఇంకా ఏడు నెలలు. నీకు ఇరవై ఆరేళ్ళు."

"అది మీరు ఒక్కరే కూర్చుని తేల్చాల్సిన విషయమా? నన్ను ఒక మాట అడగాలనిపించలేదా? నా తప్పు మీ నెత్తిన పెట్టుకుని మీరు ఇంట్లో ఫ్యాను తుడుచుకుంటుంటే, నేను మీ కుర్చీలో కూర్చుని ‘పాపం మాస్టారు’ అని అందరి దగ్గరా జాలి పడుతున్నాను. రేపు ఏ ముఖం పెట్టుకుని తిరగను?"

ఆయన ఫ్యాను రెక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "నీ తప్పే నా నెత్తిన పెట్టుకున్నాననుకోకు" అన్నాడు. "నాదీ ఉంది. ఆ డబ్బా అక్కడుందని నాకు ఆర్నెల్ల కిందటే తెలుసు. రౌండుకి వెళ్ళినప్పుడు కనబడింది. కాపలా తీసిందీ చూశాను. నువ్వే వచ్చి చెబుతావని ఎదురుచూశాను. పిలిచి అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను. రెండు నిమిషాల పని, నేను సరిచేసినా సరిపోయేది. చెయ్యలేదు."

"మరి కమిటీకి..."

"ఏం చెప్పమంటావు? నువ్వేమో అక్క అవస్థ పడకూడదని డబ్బా పెట్టావు. అక్కేమో ఆ నర్సు పిల్ల పడకూడదని తీగ గుచ్చింది. నేనేమో నీ మనసు నొచ్చుకోకూడదని నోరు మూసుకున్నాను. ఎవరూ చెడ్డ పని చెయ్యలేదు గువ్వా. అందరం తలా కాస్త మంచితనం చేశాం. అదంతా పోయి ఆ డ్రైవరు గుండె మీద కూర్చుంది. దీన్ని వాళ్ళ ఫారంలో ఏ గడిలో రాయమంటావు?"

"రేపు నేను చెబుతాను. డబ్బా నాది, కాపలా తీసింది నేను."

"చెప్పు. చెప్పాల్సిందే, నేను ఆపను. ఆ మాట నీ నోటి నుంచే రావాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను కూడా." మాస్టారు ఫ్యాను రెక్కని వెలుగులోకి పట్టి చూశాడు. "తీగ ఎవరు గుచ్చారని అడుగుతారు. అప్పుడేం చెబుతావు? రోగికి హాని జరిగిందని రాస్తే నర్సు లైసెన్సు పోతుంది. నాకూ నీకూ పోయేది ఉద్యోగమే. ఇంకో చోట దొరుకుతుంది. మీ అక్క ఇంకెక్కడా సూది పట్టుకోలేదు."

గువ్వ కాగితాలు తీసుకుని లేచింది. ఇంటికి పోయేదాకా, అన్నం కెలుకుతున్నంతసేపూ, ఎదురుగా కూర్చున్న అక్క ముఖం చూడలేక కంచంలోకే చూస్తున్నంతసేపూ ఆ ప్రశ్నే మెదిలింది. పొద్దున లేచేసరికి ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయి ఉంది, రోజూ కంటే గంట ముందుగా.

*

విచారణ జరిగే గది రెండో అంతస్తులో, ఐసీయూకి ఎదురుగా. ఆ వరండా బెంచీ మీద రోజూ పద్నాలుగో బెడ్డు కూతురు కూర్చుని ఉండేది. బడిలో పాఠాలు చెబుతుంది. పరీక్ష పేపర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని, తండ్రి పడుకున్న గది తలుపు వంక చూస్తూ, చూడనప్పుడు దిద్దుతూ ఉండేది. ఇవాళ బెంచీ ఖాళీగా ఉంది. పదికి పది నిమిషాలు. సంచీలో అచ్చు కాగితాలు, వాటితో కాపలా తీసిన రోజు కాగితం కూడా, పొద్దున్నే వెళ్ళి ఊడదీసి తెచ్చిన నల్ల డబ్బా. గువ్వ తలుపు తట్టబోయింది.

లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది.

తలుపు తోసింది. బల్లకి అటువైపు సూపరింటెండెంటు, ఆయన కుడిపక్క లాబ్ పెద్దడాక్టరు, ఎడమపక్క ఆఫీసు మేనేజరు. ఇటు మూలగా కుర్చీలో ఆ కూతురు. బల్ల ముందు, యూనిఫారంలో, చేతులు కట్టుకుని అక్క నిలబడి ఉంది.

"ఆ డబ్బా నేనే బయట కొని తెచ్చుకున్నానండీ. మా చెల్లెలికి చెప్పలేదు, చెబితే వద్దంటుందని. తగిలించింది నేనే, తీగ గుచ్చింది నేనే. మాస్టారికి దీంతో ఏ సంబంధమూ లేదు."

సూపరింటెండెంటు తలెత్తాడు. "మంచి సమయానికే వచ్చారు. మీ సిస్టర్ చెబుతున్నది నిజమేనా?"

అక్క వెనక్కి తిరిగి చూసింది. చిన్నప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే, నువ్వు మాట్లాడకు అని చూసేదే, ఆ చూపు.

"సగమే నిజమండీ" అంది గువ్వ. సంచీలోంచి డబ్బా, అచ్చు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ డబ్బా స్టోర్‌లోంచి తెచ్చింది నేను. కాపలా తీసేసింది నేను. తేదీతో సహా నా పేరు ఈ కాగితాల్లో ఉంది. తీగ గుచ్చడం ఎవరైనా చేసే పని. అది ఆస్పత్రిని కూలదోసేలా చేసింది మాత్రం నేను."

"దాని మాట వినకండి, నన్ను కాపాడ్డానికి చెబుతోంది."

"అక్కా, ఊరుకో."

సూపరింటెండెంటు పెన్ను బల్ల మీద పడేశాడు. "ఇదేం గోలండీ? పది రోజుల్నుంచి ఒక్కరు నోరు విప్పలేదు. ఇవాళ నేరం నాదంటే నాదని పోటీ పడుతున్నారు. ఒకరు కాదు, అందరి పేర్లూ రాస్తాను, సరేనా?"

"ఒక్క మాట అడగొచ్చా?"

అడిగింది ఆ కూతురు. ఇన్ని రోజులుగా ఎవరూ ఆమె గొంతు పైకెత్తగా వినలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. లేచి నిలబడి, బల్ల మీది అచ్చు కాగితం తీసుకుని, పేపర్లు దిద్దేటప్పటి చూపుతో పైనుంచి కిందికి చూసింది.

"నెట్ పోయింది పదకొండూ ఇరవైకి. ఇందులోనూ అదే ఉంది. సిస్టర్ గుచ్చారో, ఈవిడ పెట్టారో, ఆ నలభై నిమిషాల సంగతి మీరు తేల్చుకోండి." హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, నాలుగు మడతలు పెట్టిన ఓ కాగితం తీసింది. విప్పితే మధ్యలో ఓ ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. దాని మీద నీలం సిరాతో ఎవరో టైము రాశారు. "ఇది మా నాన్న మోచేతి మీద అంటించింది. రక్తం తీసిన రాత్రి డ్యూటీ నర్సు రాసిన టైము. ఐసీయూలో దీన్ని మారుస్తుంటే అడిగి తీసుకున్నాను, ఆయన చేతి మీది వస్తువు కదా అని. నిన్నే సరిగ్గా చూశాను."

కాగితాన్ని డబ్బా పక్కన పెట్టింది.

"ఉదయం ఆరూ యాభై. మా నాన్న రక్తం నాలుగున్నర గంటలసేపు ఎక్కడుందండీ?"

సూపరింటెండెంటు ప్లాస్టరు వంక చూశాడు. తర్వాత, చాలా నెమ్మదిగా, తన కుడిపక్కకి తిరిగాడు. లాబ్ పెద్దడాక్టరు అప్పటికే తన ముందున్న ఫైలు మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.